ముప్పై ఏళ్లు దాటిన అపార్ట్‌మెంటులో అద్దెకు దిగే ముందు

ప్రశ్న: హైదరాబాదులో విద్యానగర్ దగ్గర ఒక అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు ఫ్లాటును అద్దెకు తీసుకోవాలని అనుకుంటున్నాం. 1990ల మొదట్లో కట్టిన ఐదంతస్తుల భవనం అది. గదులు విశాలంగా ఉన్నాయి. మావారి ఆఫీసుకూ, ఆరేళ్ల మా అబ్బాయి బడికీ దగ్గర. కొత్త భవనాల్లో ఇంత ఇంటికి అడుగుతున్న అద్దెతో పోలిస్తే ఇక్కడ బాగా తక్కువ. యజమాని ఈమధ్యే రంగులు వేయించారు. మూడేళ్లకు ఒప్పందం రాసుకుంటే అద్దె ఇంకొంచెం తగ్గిస్తానని, అయితే ఈ వారంలోనే అడ్వాన్సు ఇచ్చేయాలని అంటున్నారు. మాతోపాటు ఉండే అత్తగారికి మోకాళ్ల నొప్పులు. పాత భవనం జోలికి వెళ్లొద్దని బంధువులు భయపెడుతున్నారు. ఏం చూసి నిర్ణయించుకోవాలి? మూడేళ్ల ఒప్పందానికి ఒప్పుకోవచ్చా?

సమాధానం: భవనం పాతదన్న ఒక్క కారణంతో వద్దనుకోనక్కరలేదు. శ్రద్ధగా చూసుకున్న ముప్పై ఏళ్ల భవనం ఇంకా చాలా కాలం నిలుస్తుంది. పట్టించుకోని భవనానికి పదిహేనేళ్లకే చువ్వలు బయటపడతాయి. మీరు తెలుసుకోవలసింది దాని వయసును కాదు, ఇన్నేళ్లూ దాన్ని ఎవరు, ఎలా చూసుకున్నారన్నది. అద్దెకుండేవారు తరచుగా మరిచిపోయే విషయం ఇక్కడే ఉంది. మీరు ఒప్పందం చేసుకునేది ఒక్క ఫ్లాటు యజమానితో. పిల్లర్లు, పైకప్పు, సంపు, డ్రైనేజీ గొట్టాలు, లిఫ్టు, మెట్లు ఆయన ఒక్కరివి కావు, అందరి ఉమ్మడి ఆస్తి. ఆయన ఎంత మంచివారైనా, మిగిలిన యజమానులు డబ్బు వేసుకోవడానికి ఒప్పుకోకపోతే మేడ మీద నుంచి దిగే చెమ్మను ఆపలేరు. కాబట్టి కనిపించే ప్రతి లోపం దగ్గరా దీన్ని బాగుచేయించడం ఎవరి చేతిలో ఉందని అడగండి. యజమాని చేతిలో ఉన్నదైతే మీరు చేరేలోపు చేయించమని అడగవచ్చు. అసోసియేషన్ చేతిలో ఉన్నదైతే ఆ అసోసియేషన్ పనిచేస్తోందా అన్నది చూడాలి. ఎవరి చేతిలోనూ లేనిదైతే అద్దె ఎంత తక్కువైనా ఆ ఇల్లు మీకు తగదు.

అందుకే ఈసారి వెళ్లినప్పుడు నేరుగా ఫ్లాటులోకి వెళ్లకండి. కొత్త రంగు వేసిన గదులు మీకు చెప్పేది తక్కువ. ముందు వాహనాలు నిలిపే కింది భాగంలో ఒక అరగంట గడపండి. భవనం బరువంతా మోసే పిల్లర్లు గోడల చాటు లేకుండా కనిపించేది అక్కడే, పైగా అక్కడ ఎవరూ పుట్టీ పెట్టి రంగు వేయరు. ప్రతి పిల్లరునూ అడుగు నుంచి బీము కలిసే చోటు వరకు చూడండి. సిమెంటు పెచ్చులు ఊడి చువ్వలు కనిపిస్తున్నాయా, తుప్పు రంగు చారలు కారుతున్నాయా, నిలువునా చీలికలు ఉన్నాయా గమనించండి. సంపు పక్కన, డ్రైనేజీ చాంబర్ల పక్కన ఉన్న పిల్లర్ల మొదళ్లను మరీ జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే ఏళ్ల తరబడి తడి తగిలేవి అవే.

పెచ్చులు ఊడడం వెనక జరిగేది ఇది. కాంక్రీటులోని క్షారగుణం లోపలి ఇనుమును తుప్పు నుంచి కాపాడుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు కాంక్రీటులోకి నెమ్మదిగా చొరబడుతున్నకొద్దీ ఆ గుణం పైపొర నుంచి లోపలికి తగ్గుతూ వస్తుంది. అది చువ్వ దాకా చేరాక, నీరు కూడా తగిలితే తుప్పు మొదలవుతుంది. తుప్పుపట్టిన ఇనుము అసలు ఇనుము కంటే రెండింతలకు మించి చోటు ఆక్రమిస్తుంది కనుక, చుట్టూ ఉన్న కాంక్రీటును లోపలి నుంచి తోసి పగలగొడుతుంది. మనం బయట చూసే చీలిక ఆ పని చాలాకాలం సాగిన తర్వాత కనిపించేది. ప్రమాణాల ప్రకారం పిల్లర్లలో చువ్వ మీద 40 మిల్లీమీటర్లు, మామూలు స్లాబుల్లో 20 మిల్లీమీటర్లు కాంక్రీటు కప్పు ఉండాలి. పాత భవనాల్లో బాల్కనీల అడుగున, సజ్జల కింద అంత కప్పు లేకపోవడం తరచుగా కనిపిస్తుంది, అందుకే ముందుగా పెచ్చులూడేవి అవే. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల్లో ఉప్పుగాలి ఈ పనిని ఇంకా త్వరగా చేస్తుంది. హైదరాబాదులో ఆ బెడద లేదు గాని, కారుతున్న గొట్టాలు ఆ లోటును తీరుస్తాయి.

ఒకటి రెండు సజ్జల కింద పెచ్చులూడితే భయపడవలసిన పని లేదు. ఆ చోటును శుభ్రం చేసి, చువ్వలకు రక్షణ పూత వేసి, మళ్లీ పూడ్చవచ్చు. పిల్లర్లలో, ప్రధాన బీముల్లో చువ్వలు బయటపడి ఉంటే మాత్రం అది ఇంజనీరు చూడవలసిన విషయం. ఆ చువ్వల మీద వట్టి సిమెంటు పూసి రంగు వేసి ఉంటే, లోపలి తుప్పు ఆగలేదు, కనబడకుండా పోయిందంతే. చేతివేళ్ల కణుపులతో తట్టి చూడండి. బోలుగా మోగితే పైపొర లోపలి కాంక్రీటు నుంచి విడిపోయిందని అర్థం. ఈ భవనానికి ఎప్పుడైనా స్ట్రక్చరల్ ఇంజనీరుతో పరీక్షలు చేయించారా అని అసోసియేషన్ వారిని అడగండి. కాంక్రీటు గట్టిదనాన్ని పగలగొట్టకుండానే తెలుసుకునే రిబౌండ్ హ్యామర్ పరీక్ష, లోపలి పగుళ్లు పట్టుకునే అల్ట్రాసోనిక్ పరీక్ష ఇప్పుడు సులభంగా అందుబాటులో ఉన్నాయి. అద్దెకు వచ్చేవారు వాటిని చేయించలేరు. కాని చేయించి ఉంటే ఆ నివేదిక చూపమని అడగడంలో తప్పు లేదు. ఏటా వానాకాలానికి ముందు నగరపాలక సంస్థ శిథిల భవనాలను గుర్తించి నోటీసులు ఇస్తుంది. ఈ భవనానికి అలాంటి నోటీసు ఎన్నడైనా వచ్చిందా అని కూడా సూటిగా అడగండి.

గోడల పగుళ్లన్నీ ఒకలాంటివి కావు. ప్లాస్టరింగు మీద సాలెగూడులా అల్లుకున్న సన్నని గీతలు కంటికి బాగుండవంతే. బీముకూ ఇటుక గోడకూ మధ్య అడ్డంగా సాగే గీత కూడా సాధారణమే. రెండు వేర్వేరు పదార్థాలు ఎండకు వేర్వేరుగా వ్యాకోచించడం వల్ల అక్కడ విడుతుంది. కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా ఏటవాలుగా సాగుతూ, కింది అంతస్తులోనూ పై అంతస్తులోనూ అదే వరసలో కనిపించే పగులు మాత్రం పునాది ఒకవైపు కుంగిందేమో అని అనుమానించదగినది. తలుపు చట్రం వంకరపోయి పైమూలలో బిగుసుకుపోవడం, నేల ఒకవైపు వాలడం దానికి తోడైతే ఇక ఆ ఇంటి గురించి ఆలోచించకండి.

కింది నుంచి ఇక పైకి, మేడ మీదికి వెళ్లండి. మీరుండేది మూడో అంతస్తే కనుక పైకప్పు కారినా తడిసేది ఐదో అంతస్తువారేనని అనుకోవద్దు. నీరు గొట్టాల వెంట, గోడల వెంట కిందికి దిగుతూనే ఉంటుంది. మేడ మీద వాననీరు నిలిచిన మరకలున్నాయా, నీరు పోయే రంధ్రాలు ఆకులతో మూసుకుపోయాయా, పిట్టగోడ కదులుతోందా, నీళ్ల ట్యాంకుల అడుగున స్లాబు తడిగా ఉందా చూడండి. అసలు ప్లానులో లేని పెంట్‌హౌసు గాని, సెల్ టవరు గాని తర్వాత వచ్చి చేరాయా అన్నది చాలా ముఖ్యం. అనుమతి లేని అంతస్తులను క్రమబద్ధీకరించేందుకు 2007 చివరలో ఒకసారి, 2015లో మరోసారి పథకాలు ప్రకటించారంటేనే అలాంటి కట్టడాలు ఎంత విరివిగా ఉన్నాయో తెలుస్తుంది. క్రమబద్ధీకరణ కాగితాలు వాటికి చట్టబద్ధత ఇస్తాయి గాని, ఆ బరువును లెక్కలోకి తీసుకోకుండా కట్టిన పిల్లర్లకు బలం ఇవ్వవు.

ఇప్పుడు ఫ్లాటులోకి వెళ్దాం. కొత్త రంగును చూసి మీకు కలిగిన సంతోషాన్ని కాస్త పక్కన పెట్టండి. అద్దెకిచ్చే ముందు రంగులు వేయించడం మామూలే, అందులో దురుద్దేశం ఉందని నేను అనను. అయితే చెమ్మ మరకలను మూడు నాలుగు నెలలపాటు దాచడానికి రంగు చాలు. బాత్‌రూమ్ గోడకు అవతలివైపు గదిలో, నేల నుంచి రెండడుగుల ఎత్తు వరకు అరచేయి ఆనించి చూడండి. చల్లగా తగిలినా, రంగు పొక్కులు కట్టినా, తెల్లని ఉప్పు పొడిలా రాలినా లోపల నీరుందని అర్థం. అల్మరాల తలుపులు తీసి లోపలి మూలలు చూడండి, రంగులు వేసేవారు అక్కడిదాకా వెళ్లరు. ముక్కవాసన వస్తే దాన్ని నమ్మండి. గుమ్మాల చట్రాలను కింది భాగంలో తట్టి చెదలు ఉన్నాయేమో కూడా అప్పుడే చూసేయవచ్చు.

పాత అపార్ట్‌మెంట్లలో ఇరుగుపొరుగు గొడవల్లో ఎక్కువ భాగం బాత్‌రూముల నుంచే పుడుతుంది. మీ బాత్‌రూమ్ కారితే ఆ మరక మీకు కనబడదు, రెండో అంతస్తువారి పైకప్పు మీద కనబడుతుంది. మీ పైకప్పు మీద కనిపించేది నాలుగో అంతస్తువారి లోపం. కాబట్టి మీరు చేరబోయే ఫ్లాటు బాత్‌రూమ్ ఎలా ఉందో తెలుసుకోవాలంటే కింది ఇంటి తలుపు తట్టాలి. "మేం పైకి అద్దెకు రావాలనుకుంటున్నామండీ, మీకేమైనా నీళ్లు కారుతున్నాయా?" అని మర్యాదగా అడిగితే చాలామంది చెప్పడమే కాదు, లోపలికి పిలిచి చూపిస్తారు. అలా కారుతూ, మీ యజమానికీ వారికీ మధ్య ఏళ్లుగా మాటలు లేకపోతే, చేరిన మొదటి వారంలోనే ఆ తగవు మీ నెత్తిన పడుతుంది. స్నానం చేయవద్దని చెప్పించుకునే స్థితి అద్దెకున్నవారికి రావడం నాకు తెలుసు. బాత్‌రూమ్ నేల తవ్వి, నీరు దిగని పొర వేసి, మళ్లీ టైల్స్ పరచడమంటే కనీసం పది పదిహేను రోజుల పని. అది మీరు చేరకముందు జరగాలి.

నీటి సంగతి వేరే రోజు, వేరే వేళలో చూడండి. హైదరాబాదులో చాలా బస్తీలకు జలమండలి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. నీళ్లు వచ్చే రోజున, వచ్చే వేళకు వెళ్లి సంపులోకి ధార ఎంత వస్తోందో చూస్తే వాచ్‌మన్ మాట మీద ఆధారపడే పని ఉండదు. బోరు ఎంత లోతుది, ఏప్రిల్, మే నెలల్లో ఎండిపోతుందా, అప్పుడు వారానికి ఎన్ని ట్యాంకర్లు తెప్పిస్తారు, ఆ ఖర్చు మెయింటెనెన్సులోనే కలిసి ఉందా, విడిగా పంచుతారా అని అడిగి రాసుకోండి. కొళాయిల మీద, గీజరు గొట్టాల దగ్గర తెల్లగా సున్నం పేరుకుని ఉంటే బోరు నీరు కఠినమైనది. తాగే నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే నీటి వనరు లేనప్పుడు 2000 వరకు సహించవచ్చని భారతీయ ప్రమాణం. జేబులో పెట్టుకునే టీడీఎస్ మీటరుతో కొళాయి దగ్గరే కొలుచుకోవచ్చు. నగరపాలక సంస్థ పరిధిలో ఇళ్లకు నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం 2021 జనవరిలో మొదలైంది. మీ భవనం క్యాన్ (వినియోగదారు ఖాతా) నంబరు దానికి నమోదైందా, పాత బకాయిలు ఉన్నాయా అన్నది జలమండలి బిల్లు చూస్తే తెలుస్తుంది.

ఫ్లాటులో ఒకేసారి వంటింటి కొళాయి, రెండు బాత్‌రూముల కొళాయిలు తిప్పండి. ధార సన్నబడిపోతే లోపలి గొట్టాలు పాత ఇనుపవే అయ్యుంటాయి. ముప్పై ఏళ్లలో వాటి లోపల తుప్పు పేరుకుని నీటి దారి ఇరుకవుతుంది. పొద్దున మొదట వచ్చే నీరు ఎర్రగా ఉండడం కూడా దానికి గుర్తే. తర్వాత ఒక బకెట్టెడు నీళ్లు బాత్‌రూమ్ నేల మీద ఒలకబోసి, అవి జాలీ వైపు పోతున్నాయా, గుమ్మం వైపు వస్తున్నాయా చూడండి. కింద డ్రైనేజీ చాంబర్ల మూతల చుట్టూ మురుగు పొంగిన నల్లని జాడలున్నాయేమో చూసుకోండి, వానాకాలంలో అది ఎవరి గుమ్మం దాకా వస్తుందో గ్రౌండ్ ఫ్లోరువారిని అడిగితే చెబుతారు.

విద్యానగర్ అన్నారు కనుక ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. హుస్సేన్‌సాగర్ నుంచి పొర్లిన నీటిని తీసుకుపోయే నాలా అశోక్‌నగర్, నల్లకుంట, గోల్నాక మీదుగా మూసీలో కలుస్తుంది. 2000 ఆగస్టు వానల్లోనూ, 2020 అక్టోబరు 13, 14 తేదీల వానల్లోనూ నగరంలో నాలాల వెంట ఉన్న ఎన్నో కాలనీలు మునిగాయి. మీ భవనం నాలాకు ఎంత దూరంలో ఉందో, రోడ్డు కంటే పార్కింగు పల్లంగా ఉందో, 2020లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఆ వీధిలో ఎప్పటినుంచో ఉన్న కిరాణా కొట్టాయనను గాని, ఇస్త్రీ బండి ఆయనను గాని అడగండి. వారికి దాచవలసిన అవసరం లేదు. మూడో అంతస్తులో ఉన్న మీ ఇంట్లోకి నీళ్లు రాకపోవచ్చు గాని, కరెంటు మీటర్లు, మోటారు, లిఫ్టు గుంత, మీ బండి ఉండేది కిందనే.

కరెంటు విషయంలో మొహమాటపడకండి, ఎందుకంటే ప్రాణాపాయం నేరుగా ఉన్నది ఇక్కడే. 1990లలో కట్టినప్పుడు ఒక ఫ్లాటుకు నాలుగు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, ఒక ఫ్రిజ్, ఒక టీవీ చాలునని వైర్లు లాగారు. ఇప్పుడు మీకు రెండు ఏసీలు, రెండు గీజర్లు, వాషింగ్ మిషన్, ఇండక్షన్ పొయ్యి ఉంటాయి. ఒక్క గీజరే 2 కిలోవాట్లు లాగుతుంది. ఫ్లాటులోని మెయిన్ బోర్డు తెరిచి చూపించమనండి. పింగాణీ ఫ్యూజులే ఉంటే, ఎంసీబీలతో (లోడు మించితే వాటంతటవే ఆగిపోయే స్విచ్చులతో) పాటు 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించమని అడగండి. మనిషికి షాకు తగిలినప్పుడు సెకనులో చిన్న భాగంలోనే కరెంటును ఆపేది ఆర్‌సీసీబీయే, ఎంసీబీ ఆ పని చేయదు. చిన్నపిల్లవాడు, పెద్దావిడ ఉన్న ఇంట్లో దీన్ని నేను షరతుగానే పెడతాను. మూడు రంధ్రాల సాకెట్లు గోడకు ఉన్నంతమాత్రాన వాటి వెనుక ఎర్తింగు ఉన్నట్టు కాదు. ఒక ఎలక్ట్రీషియన్‌ను మీ ఖర్చుతోనే తీసుకెళ్లి ప్రతి సాకెట్టునూ పరీక్ష చేయించండి, ఏసీకీ గీజరుకూ విడిగా మందపాటి వైర్లు ఉన్నాయో లేదో కూడా ఆయనే చెబుతారు. కరెంటు బిల్లు మీద మంజూరైన లోడు ఎన్ని కిలోవాట్లో ఉంటుంది. అది మీ వాడకానికి చాలకపోతే పెంచుకునే ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోండి.

మీటర్ల బోర్డు ఎక్కడుందో కూడా చూడండి. చాలా పాత భవనాల్లో అది మెట్ల మొదట్లోనే, బండ్లు నిలిపే చోటే ఉంటుంది. అక్కడ నిప్పు పుడితే పొగ మెట్లదారినే పైకి ఎగబాకుతుంది, దిగే దారి అదొక్కటే. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒక పాత భవనానికి నిప్పంటుకుని 17 మంది చనిపోయారు. లోపలికీ బయటికీ ఉన్నది ఒక్క ఇరుకు దారే కావడం అక్కడ ప్రాణనష్టాన్ని పెంచింది. నివాస భవనం ఎత్తు 18 మీటర్లు దాటితేనే అగ్నిమాపక శాఖ నిరాక్షేప పత్రం (ఎన్‌ఓసీ) తప్పనిసరి, కనుక మీరు చూస్తున్న ఐదంతస్తుల భవనాన్ని ఆ కోణంలో ఏ అధికారీ వచ్చి చూసి ఉండకపోవచ్చు. మెట్ల మీద పాత సామాన్లు, చెప్పుల స్టాండ్లు, సిలిండర్లు అడ్డం పెట్టారా, మేడ తలుపుకు తాళం వేసి ఉంచుతారా, కిటికీలన్నిటికీ బిగించిన గ్రిల్స్‌లో ఒక్కదానికైనా తెరిచే వీలుందా చూసుకోండి.

లిఫ్టు గురించి మీ అత్తగారి కోసం ఆలోచించాలి. జాలీ తలుపుల పాత లిఫ్టు అయితే, తలుపు సరిగా మూయకపోతే కదలకుండా ఆగే ఏర్పాటు పనిచేస్తోందా, నిర్వహణ ఒప్పందం ప్రస్తుతం ఉందా, కరెంటు పోతే జనరేటరు మీద నడుస్తుందా అడగండి. కిందటి ఏడాది ఎన్ని రోజులు మూలపడి ఉందో పై అంతస్తుల పెద్దవాళ్లు చెబుతారు. ఆవిడను ఒకసారి తీసుకెళ్లి మూడంతస్తులు మెట్లెక్కించి చూడండి. కష్టమనిపిస్తే, మిగతా అన్నీ బాగున్నా ఈ ఇల్లు మీకు సరిపడదు.

మీ అబ్బాయి కోసం ఇంకొకటి. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకుముందు వేసిన ఎనామిల్ రంగుల పొరలు తలుపుల మీద, గ్రిల్స్ మీద కొత్త రంగు కింద ఉంటాయి. అవి పెచ్చులుగా రాలే చోట్లను వట్టిగా గీకించవద్దు, ఆ దుమ్ము పిల్లలకు హాని చేస్తుంది. తడిపి రుద్దించి, తుడిపించి, ఆ తర్వాతే రంగు వేయించాలి.

ఇంతా చూశాక అసోసియేషన్ కార్యదర్శిని కలవండి. నెల నెలా మెయింటెనెన్స్ ఎంత, ఎందరు బకాయి ఉన్నారు, మరమ్మతుల కోసం నిధి ఏమైనా ఉందా, చివరిసారి మేడ మీద నీటి రక్షణ పూత ఎప్పుడు వేయించారు అని అడగండి. లెక్కల పుస్తకం తీసి సంవత్సరంతో సహా చెప్పే కార్యదర్శి ఉన్న భవనంలో చిన్న చిన్న లోపాలున్నా నేను ధైర్యంగా చేరమంటాను. "అది ఓనర్లు చూసుకుంటారు" అని దాటవేసే చోట గోడలు నున్నగా ఉన్నా సందేహిస్తాను. మరో ప్రశ్న కూడా తప్పకుండా అడగండి: ఈ భవనాన్ని పడగొట్టి కొత్తగా కట్టడానికి ఏ బిల్డరుతోనైనా మాటలు సాగుతున్నాయా? నగరం నడిబొడ్డున ఉన్న ఆ కాలపు అపార్ట్‌మెంట్లలో ఇలాంటి సంప్రదింపులు ఇప్పుడు తరచుగా జరుగుతున్నాయి. యజమానులందరూ సంతకాలు చేస్తే, మీ అబ్బాయి చదువు మధ్యలో మీరు ఇల్లు వెతుక్కోవలసి వస్తుంది.

ఇక మూడేళ్ల ఒప్పందం. ఏడాదికి మించిన కాలానికి రాసుకునే అద్దె ఒప్పందాన్ని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరు చేయాలి. మన దగ్గర 11 నెలల అలవాటు వచ్చింది అందుకే. మీ యజమాని వంద రూపాయల స్టాంపు కాగితం మీద మూడేళ్లని రాసి, నోటరీ చేయించి ఇస్తే, ఆ మూడేళ్ల హామీని మీరు న్యాయస్థానంలో నిలబెట్టుకోలేరు. ఆచరణలో అది నెలవారీ అద్దెగానే చూడబడుతుంది, పదిహేను రోజుల నోటీసుతో ఖాళీ చేయమనే వీలు ఆయనకు ఉంటుంది. పైగా ఆయన బ్యాంకు అప్పు కట్టక బ్యాంకు ఫ్లాటును స్వాధీనం చేసుకునే పరిస్థితి వస్తే, రిజిస్టరు కాని కాగితంతో మీకు దొరికే రక్షణ చాలా తక్కువ. ఆస్తి పన్ను రసీదు, కరెంటు బిల్లు, ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) ఆయన పేరు మీదే ఉన్నాయో లేదో చూసుకోండి. అద్దె ఏడాదికి లక్ష రూపాయలు దాటితే, ఇంటి అద్దె భత్యం మీద పన్ను మినహాయింపు కోసం మీవారి ఆఫీసుకు ఆయన పాన్ నంబరు కూడా కావాలి.

నా సలహా ఏమిటంటే, ఒక వానాకాలాన్ని ఆ ఇంట్లో చూడకుండా మూడేళ్లకు కట్టుబడకండి. మొదట 11 నెలలకు రాసుకుని, ఆ తర్వాత ఎంత శాతం పెంపుతో పొడిగించుకోవచ్చో అందులోనే పేర్కొనండి. యజమాని మూడేళ్లకే పట్టుబడితే రిజిస్టరు చేయించాలని, మీవైపు నుంచి రెండు నెలల నోటీసుతో ఎప్పుడైనా ఖాళీ చేసే హక్కు ఉండాలని అడగండి.

ఒప్పందంలో మరమ్మతుల గురించి ఏం రాశారో అక్షరం విడవకుండా చదవండి. యజమానికి తెలిసి, అద్దెకు వచ్చేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని యజమాని ముందే చెప్పాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ అంటుంది. యజమాని చేయవలసిన మరమ్మతును నోటీసు ఇచ్చాక కూడా తగిన సమయంలో చేయకపోతే, అద్దెకున్నవారు చేయించుకుని ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చనీ ఉంది. అయితే ఒప్పందంలో వేరేగా రాసుకుంటే ఒప్పందమే చెల్లుతుంది. డీటీపీ సెంటర్లలో దొరికే తయారు కాగితాల్లో మరమ్మతులన్నీ అద్దెకున్నవారివే అనే వాక్యం ఒకటి తరచుగా ఉంటుంది. దాన్ని కొట్టేయించి, బల్బులు, కొళాయి వాషర్ల వంటి రోజువారీ చిన్న పనులు మీవి, గొట్టాలు, వైరింగు, చెమ్మ, బాత్‌రూమ్ కారడం యజమానివి అని స్పష్టంగా రాయించండి. ఖాళీ చేసేటప్పుడు రంగుల కోసం ఒక నెల అద్దె పట్టుకునే ఆనవాయితీ ఉంది. అది ఎంతో, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో కూడా అందులోనే ఉండాలి.

ఈ వారంలోనే ఇవ్వాలన్న ఒత్తిడికి లొంగకండి. ఇల్లు చేజారుతుందన్న భయం ఉంటే చిన్న టోకెన్ మొత్తం ఇచ్చి, పరిశీలనలో పెద్ద లోపం బయటపడితే తిరిగి ఇచ్చేయాలన్న మాటతో రసీదు తీసుకోండి. మీరు చూసిన లోపాలన్నీ ఫొటోలు తీసి, మీరు చేరేలోపు యజమాని చేయించవలసిన పనుల పట్టికను తేదీతో సహా ఒప్పందానికి జతచేయండి. ఎర్తింగు, ఆర్‌సీసీబీ, బాత్‌రూమ్ పని అందులో ముందుండాలి. ఆయన ఆ పట్టిక మీద సంతకం పెట్టి, పనులు పూర్తయ్యాయని మీ ఎలక్ట్రీషియన్, ప్లంబరు చూసి చెప్పాక, మిగిలిన అడ్వాన్సును నగదుగా ఇవ్వకుండా బ్యాంకు ద్వారా పంపండి.